బోల్టన్‌లో రెండు రోజులు: క్రాంప్టన్ యంత్రం, ఆయన ఇల్లు, ఆ ఊరి మిగతా మనుషులు

మాంచెస్టర్ వెళ్లే తెలుగువాళ్లు ఫుట్‌బాల్ స్టేడియం ముందు ఫోటో దిగి, అక్కడినుంచి లేక్ డిస్ట్రిక్ట్‌కో స్కాట్లాండ్‌కో వెళ్లిపోతారు. రైల్లో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న బోల్టన్ ఎవరి ప్రణాళికలోనూ ఉండదు. అందం కోసం వెళ్లే ఊరు కాదది. మిల్లులు మూతపడ్డ తర్వాత బజారు వీధులు బాగా చప్పబడ్డాయి, మూసిన దుకాణాలు చాలానే కనిపిస్తాయి. కానీ నూలు, నేత, యంత్రాలు అంటే ఇష్టమున్నవాళ్లు, ముఖ్యంగా చేనేత ఇళ్లలో పుట్టినవాళ్లు, ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక్క ఊరే చూడగలిగితే ఇదే చూడాలి. మస్లిన్‌కు తగిన సన్న నూలును యంత్రం మీద వడకడం 1779లో ఇక్కడ, శామ్యూల్ క్రాంప్టన్ చేసిన మ్యూల్ అనే వడికే యంత్రంతో మొదలైంది. అంతకుముందు ఆ నూలు మన దేశంలో ఆడవాళ్ల చేతుల్లోంచి వచ్చేది.

చూసే వరుస ముఖ్యం. ముందు మ్యూజియంలో యంత్రాన్ని, తర్వాత అది తయారైన ఇంటిని, ఆపైన మిల్లుల్ని తిప్పిన ఆవిరి ఇంజన్లను చూడాలి. వరుస తిరగబడితే ఆ ఇల్లు పాత కుర్చీలు, బల్లలు ఉన్న గదుల్లా మాత్రమే మిగిలిపోతుంది.

వెళ్లడం, తిరగడం

హైదరాబాద్ నుంచి మాంచెస్టర్‌కు దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా వెళ్లడం అందరికీ అలవాటైన దారి. విమానాశ్రయం స్టేషన్ నుంచి బోల్టన్‌కు నేరుగా వెళ్లే రైళ్లున్నాయి. మాంచెస్టర్ నగరంలో బస చేసినవాళ్లకు పికడిల్లీ, ఆక్స్‌ఫర్డ్ రోడ్, విక్టోరియా స్టేషన్లు మూడింటి నుంచీ రైళ్లు దొరుకుతాయి. ఆదివారం రైళ్లు తగ్గుతాయి, రద్దులు కూడా ఆరోజే ఎక్కువ. బోల్టన్ దాటి లోపలి చిన్న స్టేషన్లకు వెళ్లే పని ఆదివారానికి పెట్టుకోవద్దు.

రైలు స్టేషన్‌నూ బస్‌స్టేషన్‌నూ గాజు వంతెన కలుపుతుంది. ఈ బస్‌స్టేషన్ 2017లో మొదలైంది. సామానుతో ఉన్నవాళ్లు రోడ్డు దాటే పనిలేకుండా అటునుంచి ఇటు నడిచిపోవచ్చు. బస్సులన్నీ బీ నెట్‌వర్క్ పేరుతో పసుపు రంగులో ఉంటాయి. ఆ పద్ధతి మాంచెస్టర్ ప్రాంతంలో మొదలైనదే బోల్టన్, విగన్ వైపు, 2023 సెప్టెంబరులో. ఎక్కేటప్పుడు కార్డు తాకిస్తే చాలు, బస్సు దిగేటప్పుడు అక్కర్లేదు. ట్రామ్‌లో మాత్రం ఎక్కేముందు, దిగాక రెండుసార్లూ తాకించాలి. చాలామంది పొరపడేది ఇక్కడ కాదు. పొద్దున కార్డు, మధ్యాహ్నం ఫోన్, సాయంత్రం వాచీ తాకిస్తారు. యంత్రం లెక్కలో అవి ముగ్గురు మనుషులు, రోజుకు ఇంతకు మించి కోయకూడదన్న పరిమితి ఏ ఒక్కదానికీ రాదు. పొద్దున దేనితో మొదలుపెట్టారో రాత్రిదాకా దానితోనే తాకించండి. భార్యాభర్తలకు ఒకే కార్డు సరిపోదు, ఎవరిది వారికి ఉండాలి.

ఊరి నడిబొడ్డులో చూడాల్సినవన్నీ కాలినడకన అయిపోతాయి. టౌన్ హాల్ దగ్గర నిలబడితే మ్యూజియం దాని వెనకే, విగ్రహాలు, పెద్ద చర్చి పది పదిహేను నిమిషాల లోపే.

మ్యూజియంలో మూడు గంటలు

టౌన్ హాల్ వెనక అర్ధచంద్రాకారంలో వంగిన రాతి భవనాల వరుసను లె మాన్స్ క్రెసెంట్ అంటారు. అందులోనే మ్యూజియం, గ్రంథాలయం, నేలమాళిగలో చేపల ప్రదర్శనశాల ఉన్నాయి. ప్రవేశం ఉచితం. చాలామంది ఈజిప్టు గది చూసి అరగంటలో బయటికొచ్చేస్తారు. కనీసం మూడు గంటలు పెట్టుకోవాల్సిన చోటు ఇది. లోపలికి వెళ్లగానే క్రాంప్టన్ మ్యూల్ ఏ గదిలో ఉందో బల్ల దగ్గర అడగండి. ప్రదర్శనలు మారుతుంటాయి, వెతుకులాటలో సమయం పోతుంది.

శామ్యూల్ క్రాంప్టన్ స్వయంగా తయారుచేసిన మ్యూల్స్‌లో ఇప్పటికి మిగిలినది ఇదొక్కటే. దూరం నుంచి చూస్తే చెక్క చట్రం, చక్రాలు, తాళ్లు తప్ప ఏమీ తెలియదు. దగ్గరికి వెళ్లి రెండు భాగాలను విడిగా చూడండి. వెనకవైపు కదలకుండా ఉండేవి రోలర్ల జతలు. ఏకులాంటి మెత్తటి పత్తి తాడు వాటి మధ్యలోంచి వస్తుంది. ముందు జత వెనక జతకంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి పత్తి సాగి సన్నబడుతుంది. ఇది అంతకుముందే వచ్చిన వడికే యంత్రం, ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేములో ఉన్న పద్ధతి. ముందువైపు కదుళ్లన్నీ ఒక బండి మీద వరుసగా నిలబడి ఉంటాయి. ఆ బండి చక్రాల మీద ముందుకు ఐదడుగుల దాకా వస్తుంది. వస్తూండగా కదుళ్లు తిరిగి నూలుకు పురి పెడతాయి. బండి వెనక్కి వెళ్లేటప్పుడు ఆ నూలంతా కండెకు చుట్టుకుంటుంది. కదుళ్లన్నీ కలిసి దారాన్ని లాగే ఆ పని అప్పటికే ఉన్న మరో వడికే యంత్రం, హార్‌గ్రీవ్స్ జెన్నీది.

రెంటినీ కలిపితే నూలు ఎందుకు సన్నబడింది? బండి రోలర్లు వదిలే వేగంకంటే కొద్దిగా ఎక్కువ వేగంతో వెళుతుంది. దారంలో సన్నగా ఉన్నచోట పురి ముందుగా ఎక్కి బిగుస్తుంది, ఇక సాగదు. లావుగా ఉన్నచోట పురి తక్కువ, మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడే సాగుతుంది. అలా ఎగుడుదిగుళ్లు తమంతట తామే సర్దుకుంటాయి. వాటర్ ఫ్రేములో నూలు తయారవుతూనే బాబిన్‌కు లాక్కోబడుతుంది కాబట్టి సన్నదారం ఆ లాగుడుకు తెగిపోయేది. జెన్నీ నూలు మెత్తగా ఉన్నా పడుగుకు ఆగేది కాదు. మ్యూల్ నూలు పడుగుకూ పేకకూ రెంటికీ పనికొచ్చింది. మొదటి యంత్రానికి 48 కదుళ్లని చెబుతారు.

రాట్నం మీద వడికేవాళ్లు ఈ సంగతిని వెంటనే పట్టుకుంటారు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో ఏకును వెనక్కి లాగుతూ, లావైన చోట వేలు వదులు చేసి సాగనిస్తారు. ఆ ఎడమచేయి చేసే పనినే క్రాంప్టన్ బండికి అప్పగించాడు.

నూలు నెంబరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్నో నెంబరు. ఈ లెక్కనే ఇప్పటికీ మన చేనేత సంఘాల్లో వాడుతున్నారు. క్రాంప్టన్ 80వ నెంబరు వడికాడంటే 454 గ్రాముల పత్తిలోంచి 61 కిలోమీటర్ల పైచిలుకు దారం తీశాడన్నమాట. ఇంగ్లండ్‌లో అప్పటికి అది ఆశ్చర్యం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో, దాని చిన్నచిన్న పళ్ల మీద పత్తిని దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద 100వ నెంబరు ఇప్పటికీ తీస్తున్నారు. అది పౌనుకు దాదాపు 77 కిలోమీటర్లు. మొదట్లో క్రాంప్టన్ యంత్రాన్ని బోల్టన్‌లో మస్లిన్ చక్రం అని కూడా పిలిచేవారు. మన నూలుతో పోటీ పడటమే దాని పని అని ఆ పేరే చెబుతోంది. పొందూరు ఒకసారి చూసి తర్వాత బోల్టన్ వెళితే ఈ గదిలో నిలబడటంలో అర్థం వేరుగా ఉంటుంది.

అదే భవనంలో ఈజిప్టు వస్తువుల సేకరణ చాలా పెద్దది. 2018లో కొత్తగా తీర్చిదిద్దిన గదుల్లో ఈజిప్టు రాజు మూడవ తుత్మోస్ సమాధి గదికి నకలు కూడా కట్టారు. బోల్టన్ మిల్లులు వడికింది ఎక్కువగా ఈజిప్టు పొడుగు పింజ పత్తి, కాబట్టి ఊరికీ ఆ దేశానికీ రాకపోకలుండేవి. మిల్లు యజమాని కూతురు ఆనీ బార్లో తవ్వకాలకు ఇక్కడ చందాలు వసూలు చేసింది, ఆ చందాలకు ప్రతిగా తవ్విన వస్తువుల్లో వాటా ఊరికి వచ్చింది. ఈ మ్యూజియం 2003లో సుమారు 4,40,000 పౌండ్లకు కొన్న అమర్నా రాకుమారి శిల్పం మాత్రం నకిలీదని తేలింది. దాన్ని బోల్టన్‌లోనే తన ఇంటి షెడ్డులో చెక్కిన షాన్ గ్రీన్‌హాల్‌కు 2007లో జైలుశిక్ష పడింది.

చిత్రాల గదిలో థామస్ మోరాన్ కోసం చూడండి. 1837లో బోల్టన్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా వెళ్లిన నేతగాళ్ల కుటుంబం అతనిది. అతని ఎల్లోస్టోన్ చిత్రాలు అమెరికా కాంగ్రెస్ సభ్యుల చేతికి వెళ్లాకే 1872లో అక్కడ మొదటి జాతీయ పార్కు ఏర్పడింది. అతనికంటే ముందు 1801లో ఇదే ఊళ్లో పుట్టిన థామస్ కోల్ అమెరికా ప్రకృతి చిత్రకళకు ఆద్యుడు. ఇద్దరు చిత్రకారుల్నీ ఈ పొగ ఊరే కన్నది.

వాల్ట్ విట్మన్ అభిమానులకు మరో విషయం. 1885 ప్రాంతంలో ఈగిల్ స్ట్రీట్‌లో జె. డబ్ల్యు. వాలెస్ ఇంట్లో గుమాస్తాలు, చేతిపనివాళ్లు చేరి ఆ కవిని చదువుకునేవారు. వాలెస్, డాక్టర్ జాన్‌స్టన్ ఇద్దరూ అమెరికా వెళ్లి ఆయన్ను కలిశారు కూడా. ఉత్తరాలు, ఆయన పెంచిన, చనిపోయాక భద్రపరిచిన కానరీ పిట్ట ఇక్కడి సేకరణలో ఉన్నాయి. అన్నీ బయట పెట్టరు కాబట్టి పరిశోధన కోసం వచ్చేవాళ్లు ముందే రాసి అనుమతి తీసుకోవాలి.

ఊరి నడుమ

టౌన్ హాల్ 1873లో ప్రారంభమైంది. రెండు సింహాలు, ఎత్తయిన గడియారపు గోపురం. దాని మీది స్తంభాల్ని బాగుచేసింది ఫ్రెడ్ డిబ్నా. పొగగొట్టాలెక్కి మరమ్మతు చేసే పనివాడు. 1978లో ఆ గోపురం మీద పనిచేస్తుండగా బీబీసీ వాళ్లు తీసిన చిన్న వార్తతోనే ఆయన దేశమంతా తెలిశాడు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 2008లో పెట్టిన ఆయన కంచు విగ్రహం, పక్కనే హిక్ హార్‌గ్రీవ్స్ కంపెనీ 1886లో బోల్టన్‌లో తయారుచేసిన ఆవిరి ఇంజన్ ఉన్నాయి. ఫోటో తీసుకుని వెళ్లిపోకుండా ఆ ఇంజన్ సిలిండరు నుంచి చక్రం దాకా చేయి ఎలా కలిసిందో ఒకసారి చూడండి. ఆవిరి మ్యూజియంలో చూడబోయేదానికి ఇదే మొదటి పాఠం.

డిబ్నా పొగగొట్టాన్ని పడగొట్టే పద్ధతి చెప్పుకోదగ్గది. మందుగుండు వాడడు. ఏ వైపు పడాలో ఆ వైపు అడుగున ఇటుకలు కొంతకొంతగా తీస్తూ, తీసిన ప్రతి ఖాళీలో గట్టి దుంగ నిలబెట్టి చీలలు బిగిస్తాడు. చుట్టుకొలతలో సగం దాకా ఇలా చెక్కల మీద నిలిచాక, టైర్లు, పాత చెక్కలు పేర్చి నిప్పు పెడతాడు. దుంగలు కాలి కూలగానే గొట్టం తాను చూపిన వైపు పడుతుంది. దుంగలు సమానంగా కాలకపోతే, ఎదురుగాలి బలంగా ఉంటే గురి తప్పుతుంది. అందుకే వెనకవైపు ఇటుకల్లో పగులు తెరుచుకోవడం కోసం చూస్తూ అక్కడే నిలబడేవాడు. ఆయన 2004లో పోయాడు. సమాధి టాంజ్ శ్మశానంలో, నడిబొడ్డుకు తూర్పున.

క్రాంప్టన్ విగ్రహం నెల్సన్ స్క్వేర్‌లో, కూర్చున్న భంగిమలో ఉంటుంది. 1862లో పెట్టారు, అంటే ఆయన చనిపోయిన 35 ఏళ్లకు. సమాధి సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో. ఈ రెండింటి మధ్యలో చర్చిగేట్ వీధి వస్తుంది. పంటలన్నీ కోసుకుపోయినవాడి జాడా అక్కడే ఉంది: రిచర్డ్ ఆర్క్‌రైట్ మిల్లుల యజమాని కాకముందు ఇక్కడ మంగలి దుకాణం నడిపాడు. ప్రెస్టన్‌లో పుట్టి, బోల్టన్‌లో జుట్టు కత్తిరించి, విగ్గులు కట్టి, యంత్రాలతో సర్ బిరుదూ అపార ధనమూ సంపాదించాడు.

క్రాంప్టన్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఐదేళ్లు రాత్రిళ్లు పనిచేసి, పనిముట్ల డబ్బు కోసం నాటకశాలలో తాను చేసుకున్న ఫిడేలు వాయించి యంత్రం పూర్తిచేశాడు. అంత సన్న నూలు ఎలా వస్తోందో తెలుసుకోవడానికి జనం నిచ్చెనలు వేసి కిటికీల్లోంచి తొంగిచూశారు. పేటెంటుకు డబ్బు లేదు. చందాలిస్తామన్న వ్యాపారుల మాట నమ్మి 1780లో యంత్రం బయటపెట్టాడు. చేతికొచ్చింది 60 పౌండ్ల దరిదాపు. 1811లో తానే ఊరూరా తిరిగి లెక్క తీస్తే తన పద్ధతిలో తిరుగుతున్న కదుళ్లు 40 లక్షలకు పైనే. పార్లమెంటు 1812లో 5,000 పౌండ్లు ఇచ్చింది. అంతకంటే పెద్ద మొత్తం ప్రతిపాదించడానికి సిద్ధమైన ప్రధాని పెర్సివల్‌ను ఆ మే 11న సభ లాబీలోనే కాల్చి చంపారని, ఆ సమయానికి క్రాంప్టన్ అక్కడే ఉన్నాడని చెబుతారు. ఆ 5,000 కూడా వ్యాపారంలో పోయాయి. 1827లో పేదవాడిగానే పోయాడు. చర్చి ఆవరణలోని ఆ రాతి సమాధి దగ్గర ఇదంతా తెలిసి నిలబడాలి, లేకపోతే అది దారిపక్క రాయి మాత్రమే.

చర్చిగేట్‌లోనే ఓల్డ్ మ్యాన్ అండ్ సైద్ అనే పాత పబ్ ఉంది. అంతర్యుద్ధంలో రాజు పక్షాన పోరాడిన డెర్బీ ఎర్ల్ తల 1651లో దాని ఎదుటే నరికారు. తాగనివాళ్లు కూడా లోపలికి తొంగిచూసి రావచ్చు, ఎవరూ ఏమనరు.

బ్రాడ్‌షాగేట్ పక్కన వుడ్ స్ట్రీట్ ఒక చిన్న సందు. 16వ నెంబరు ఇంట్లో 1851లో విలియం లీవర్ పుట్టాడు. మన ఇళ్లలోకి వచ్చిన సన్‌లైట్, లైఫ్‌బాయ్ సబ్బులు ఆ మనిషివే. తండ్రి కిరాణా టోకు వ్యాపారంలో పెరిగాడు కాబట్టి, దుకాణదారు పెద్ద దిమ్మలోంచి కోసి తూచి ఇచ్చే సబ్బును ముందే ముక్కలు చేసి, కాగితం చుట్టి, పేరు పెట్టి అమ్మితే ఏమవుతుందో గ్రహించాడు. సన్‌లైట్ 1888లో కలకత్తా రేవుకు చేరింది. అదే ఏడాది లివర్‌పూల్ అవతల పోర్ట్ సన్‌లైట్ కార్మికుల ఊరు కట్టడం మొదలుపెట్టాడు. తన కార్మికులకు తోటలు వేసిన మనిషి సంస్థే బెల్జియం ఏలుబడిలోని కాంగోలో తాటినూనె కోసం బలవంతపు కూలీని వాడుకుంది. బోల్టన్‌లో ఆయన దానాలు ప్రతి మూలా కనిపిస్తాయి, ఆ రెండో సగం ఏ ఫలకం మీదా కనిపించదు. వుడ్ స్ట్రీట్‌లో బయటినుంచి చూడటం తప్ప చేసేదేమీ లేదు, ఐదు నిమిషాలు చాలు.

హాల్ ఇత్ వుడ్, ఫర్‌వుడ్ ఫోల్డ్

బోల్టన్ నుంచి బ్లాక్‌బర్న్ వైపు వెళ్లే రైల్లో మొదటి స్టేషనే హాల్ ఇత్ వుడ్. స్టేషన్లో ఉద్యోగులుండరు, టికెట్ బోల్టన్‌లోనే కొనుక్కోవాలి. మాంచెస్టర్ నుంచి వచ్చేవాళ్లు మొదటే అక్కడిదాకా తీసుకుంటే మేలు. దిగాక పది పదిహేను నిమిషాల నడక. చుట్టూ మామూలు కాలనీ ఇళ్లు, మధ్యలో ఉన్నట్టుండి నల్ల దూలాలు, తెల్ల గోడల పాత భవంతి వస్తుంది.

క్రాంప్టన్ తల్లిదండ్రులు ఇందులో కొంతభాగం అద్దెకు ఉండేవారు. మ్యూల్ తయారైంది ఇక్కడే. యంత్రాలు పగలగొట్టే గుంపులు తిరుగుతున్నప్పుడు దాన్ని విప్పి అటకమీద దాచాడు. శిథిలమవుతున్న భవంతిని లీవర్ కొని, బాగుచేయించి ఊరికి ఇచ్చాడు, 1902లో మ్యూజియమైంది. లోపలి సామాను ఎక్కువభాగం ఆ కాలానిదిగా తెచ్చి పెట్టినదే, క్రాంప్టన్ వాడినవని అనుకోవద్దు.

ఇక్కడ వచ్చే ఇబ్బంది ఒక్కటే, తెరిచి ఉండే రోజులు చాలా తక్కువ. మొత్తం ప్రయాణాన్ని దీని తేదీ చుట్టూ అల్లుకోవాలి. విమానం టికెట్ తీసుకునే ముందే బోల్టన్ కౌన్సిల్ మ్యూజియం పేజీలో తేదీలు చూడండి, బుకింగ్ అవసరమైతే చేసుకోండి. తేదీ కుదరకపోయినా బయటినుంచి చూడటానికైనా వెళ్లమని చెబుతాం, కానీ కుటుంబమంతటినీ తీసుకెళ్లకండి, పిల్లలు విసుగెత్తిపోతారు. లోపల మెట్లు ఇరుకు, నేల ఎగుడుదిగుడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పైఅంతస్తు కష్టమే.

అక్కడినుంచి మైలు దూరంలోపు ఫర్‌వుడ్ ఫోల్డ్ ఉంది. కొద్ది ఇళ్లున్న రాతి గల్లీ, అందులో గడ్డి కప్పిన కుటీరంలో 1753 డిసెంబర్ 3న క్రాంప్టన్ పుట్టాడు. అందులో జనం కాపురముంటున్నారు. గేటు దగ్గర నిలబడి చూడాలి, కిటికీల వైపు కెమెరా పెట్టకూడదు. నిశ్శబ్దంగా ఉండే చోటు, హాల్ మూసి ఉన్నా ఇది నిరాశపరచదు.

ఆవిరి ఇంజన్లు

ఊరికి వాయవ్యంగా, చోర్లీ ఓల్డ్ రోడ్ పక్కన అట్లాస్ మిల్లు పాత పత్తి గోదాములో బోల్టన్ ఆవిరి మ్యూజియం నడుస్తోంది. మిల్లులు కూలుతున్న కాలంలో ఇంజన్లు తుక్కుకు పోకుండా ఔత్సాహికులు ఒక్కొక్కటి విప్పి తెచ్చి మళ్లీ బిగించారు. వాటిలో 1840 నాటి క్రాస్‌ఫీల్డ్ మిల్లు దూలపు ఇంజన్ పాతకాలపుది.

ఇక్కడ ఒకటి ముందే తెలుసుకోవాలి. మామూలు రోజుల్లో తలుపులు తెరిచినా ఇంజన్లు ఆవిరితో తిరగవు. ఆవిరి పెట్టేది ఏడాదిలో కొన్ని రోజులే, ఎక్కువగా బ్యాంకు సెలవుల (అక్కడి ప్రభుత్వ సెలవుల) వారాంతాల్లో. మామూలు రోజు కూడా వృథా కాదు. జనం తక్కువ కాబట్టి ఇంజన్ బాగుచేసే వాళ్లతో నింపాదిగా మాట్లాడొచ్చు, వాళ్లు ప్రతి వాల్వునూ చూపిస్తారు. కానీ వేడినూనె వాసన, నేల అదిరే చప్పుడు, ఫ్లైవీలు తిరుగుడు కావాలంటే ఆవిరి రోజే రావాలి. అలాంటి రోజు పొద్దున్నే వెళితే బాయిలరు ఒత్తిడి పెరిగి ఇంజన్ నెమ్మదిగా కదలడం మొదలుపెట్టే సమయం దొరుకుతుంది. మిగతా రోజంతా తిరగడం చూడొచ్చు గానీ, మొదలవడం చూడటమే గొప్ప. చెవుల జాగ్రత్త చిన్నపిల్లలకు తప్పనిసరి.

ఫ్లైవీలు అంచున గాడులు కనిపిస్తాయి. ఒక్కో గాడిలో ఒక్కో పత్తితాడు కూర్చునేది, కొన్నేసి తాళ్లు కలిసి ఒక్కో అంతస్తుకు శక్తిని మోసుకెళ్లేవి. ఒక తాడు తెగినా మిగతా తాళ్ల మీద మిల్లు నడిచేది, అందుకే లాంకషైర్ మిల్లులు పళ్లచక్రాలు వదిలేసి తాళ్లకు మారాయి.

ఎక్కడ ఉండాలి, ఏం తినాలి

బసకు మూడు దారులు. రైలు స్టేషన్‌కు నడిచివెళ్లే దూరంలో, ఊరి మధ్యలో గొలుసు హోటళ్లున్నాయి. ఒక్కరు, ఇద్దరికి ఇవే మేలు. శుక్ర, శనివారాల రాత్రి పబ్బుల వీధి వైపు గది ఇస్తే నిద్ర ఉండదు, వెనకవైపు గది అడగండి. రెండోది హార్విచ్ పక్కన ఫుట్‌బాల్ స్టేడియానికే అంటుకుని ఉన్న బోల్టన్ స్టేడియం హోటల్. కొన్ని గదుల కిటికీల్లోంచి మైదానం కనిపిస్తుంది, హార్విచ్ పార్క్‌వే స్టేషన్ పక్కనే. మ్యాచ్ రోజుల్లో ధరలు ఎగబాకుతాయి, గదులు దొరకవు. ఊరి కేంద్రానికి ప్రతిసారీ రైలో బస్సో పట్టాలి. మూడోది మాంచెస్టర్‌లోనే ఉండి రోజూ రావడం. ఒకరోజే చూసేవాళ్లకు ఇదే నయం, రెండు రోజులైతే బోల్టన్‌లో ఉండటమే సుఖం, డబ్బు కూడా మిగులుతుంది.

శాకాహారులకు బోల్టన్ చాలా నగరాలకంటే నయం. 1960లు, 70లలో గుజరాత్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన గుజరాతీలు ఇక్కడి మిల్లుల్లో పనిచేసి స్థిరపడ్డారు. డీన్ రోడ్, డెర్బీ స్ట్రీట్ వైపు కిరాణాలు, మిఠాయి దుకాణాలు, దేవాలయాలు ఉన్నాయి. బియ్యం, పప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి దొరుకుతాయి. ఇడ్లీ, దోసెల కోసం వెతక్కండి. అక్కడ ఉన్నది గుజరాతీ, పంజాబీ, పాకిస్తానీ రుచి. ఊరి సొంత తిండి పాస్టీ. గోధుమ పిండి పొరలో మాంసం, బంగాళదుంప పెట్టి కాలుస్తారు. మాంసం తిననివాళ్లు జున్ను, ఉల్లిపాయది అడగాలి. గొడ్డుమాంసం తిననివాళ్లు కొనేముందు అందులో ఏముందో అడిగి తీరాలి, చూస్తే తేడా తెలియదు.

వర్షం ఏ నెలలోనైనా వస్తుంది. గొడుగుకంటే టోపీ ఉన్న జాకెట్ మేలు, గాలికి గొడుగు తిరగబడుతుంది. పత్తి వడకడానికి గాలిలో తేమ ఉండాలి, లేకపోతే దారం పెళుసై తెగుతుంది. ఈ వాన కూడా మిల్లులు ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఒక కారణం.

సమయం మిగిలితే

స్టేడియం బయట నాట్ లాఫ్ట్‌హౌస్ విగ్రహం ఉంది. 1925లో బోల్టన్‌లో పుట్టి, యుద్ధకాలంలో బొగ్గుగనిలో పనిచేసి, వేరే క్లబ్బుకు ఎన్నడూ వెళ్లకుండా లీగులో 255 గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ తరఫున 33 ఆటల్లో 30. ఫుట్‌బాల్ పట్టనివాళ్లు దీన్ని వదిలేయవచ్చు. నోబెల్ గ్రహీత హ్యారీ క్రోటో చదివిన బోల్టన్ స్కూలు కూడా చోర్లీ న్యూ రోడ్‌లో బస్సులోంచి చూస్తే చాలు. ఎర్రరాతి భవనం అందమైనదే కానీ బడి కాబట్టి లోపలికి వెళ్లనివ్వరు.

రివింగ్టన్‌కు మాత్రం సగం రోజు ఇవ్వండి. హార్విచ్ దాకా బస్సు, అక్కడినుంచి నడక. లీవర్ 1900లో ఆ ఎస్టేటు కొని, కొండవాలు మీద మెట్లమెట్లుగా తోటలు వేయించాడు, రూపకర్త థామస్ మాసన్. ఆయన చెక్క బంగళాను 1913లో ఓటుహక్కు ఉద్యమకారిణి ఈడిత్ రిగ్‌బీ తగలబెట్టింది. ఇప్పుడు రాతి మెట్లు, వంపుల వంతెనలు, 1910లో కట్టిన పావురాల గోపురం మిగిలాయి. పైన రివింగ్టన్ పైక్ మీద 1733 నాటి చిన్న కట్టడం, 363 మీటర్ల ఎత్తు. ఆకాశం నిర్మలంగా ఉంటే సముద్రం దాకా కనిపిస్తుంది. తోటల్లో మెట్లు నాచు పట్టి జారతాయి. బాటా చెప్పులతో, చీర కుచ్చిళ్లతో ఎక్కవద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడుతుంది, రెండింటికల్లా దిగడం మొదలుపెట్టాలి.

హాల్ ఇత్ వుడ్ రోజున ఇంకో మూడు గంటలున్నవాళ్లు అదే రైల్లో ముందుకు వెళ్లి డార్వెన్‌లో దిగవచ్చు. విదేశీ వస్త్ర బహిష్కరణతో పని పోయిన నేతకార్మికుల్ని కలవడానికి గాంధీజీ 1931 సెప్టెంబరులో వచ్చి, అక్కడి స్ప్రింగ్ వేల్ గార్డెన్ విలేజ్‌లో రాత్రి ఉన్నారు. గ్రీన్‌ఫీల్డ్ మిల్లులో ఆడకార్మికులు ఆయన చుట్టూ నిలబడి చేతులెత్తి ఉత్సాహంగా కేకలేస్తున్న ఫోటో ఆ ప్రయాణంలోదే. తిరుగు రైలు సమయం దిగగానే ఫోటో తీసి పెట్టుకోండి, ఆ మార్గంలో ఒకటి తప్పితే తర్వాతిదానికి చాలాసేపు ఆగాల్సి రావచ్చు.